కాలికి దెబ్బ తగిలితే – డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?



మనిషి ఒంట్లో మొత్తం 206 ఎముకలు. అందులో 52 ఎముకలు రెండు పాదాలలోనే ఉన్నాయి. అంటే నాలుగో వంతు! అయినా మనం ముఖం అద్దంలో రోజూ చూసుకుంటాం గాని, అరికాలు ఎప్పుడు చూసుకున్నామో ఎవరికీ యాదికి ఉండదు.

కొన్ని దేశాలలో పాదాలకే వేరుగా డాక్టర్లు ఉంటారు. వారిని పొడియాట్రిస్టులు అంటారు. మన దిక్కు అట్లాంటి వారు దొరకడం కష్టం. మనకు ముందు తుంగతుర్తి సర్కారు దవాఖాన. అక్కడ కాకపోతే సూర్యాపేట పెద్ద దవాఖాన. 2019లో అక్కడ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. ఎక్కడికి పోవాలో అందరికీ తెలుసు. ఎప్పుడు పోవాలో తెలియకనే చాలా మంది కాళ్ళు పాడు చేసుకుంటున్నారు.

మా తాత సంగతే చెప్తాను. ఆయనకు చాలా ఏళ్ళ నుంచి షుగరు ఉంది. పోయిన వానాకాలం పత్తి చేనుకు పోయి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నడు. అరికాలులో సర్కారు తుమ్మ ముల్లు విరిగి ఉన్నది. నేనే చూసిన. "నొప్పి లేస్తలేదా తాతా?" అంటే "ఏం లేదురా, ముల్లే గదా" అన్నడు. ముల్లు తీసి పసుపు పెట్టినం. నొప్పి లేదు కాబట్టి ఎవ్వరం పట్టించుకోలే. పన్నెండో రోజు వాసన వచ్చింది. అప్పటికి వేలు నల్లబడ్డది. దవాఖానలో రెండు వేళ్ళు తీసేసిండ్రు. అప్పుడు కూడా మా తాత నొప్పి అనలేదు.

ఇట్లా ఎందుకు అయితది? షుగరు ఎక్కువ ఏళ్ళు అదుపులో లేకపోతే కాళ్ళకు పోయే నరాలు దెబ్బతింటాయి. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. రక్తనాళాలు కూడా సన్నబడతాయి, రక్తం సరిగ్గా అందక పుండు మానదు. పైగా షుగరు ఉన్నవాళ్ళకు చీము తొందరగా లోపలికి పాకుతుంది. డాక్టర్ల దగ్గర ఒక నైలాను దారం ఉంటుంది. కళ్ళు మూసుకోమని, ఆ దారాన్ని అరికాలుకు ఆనించి అది వంగేదాకా నొక్కుతారు. తగిలింది తెలియకపోతే ఆ కాలికి కాపలా లేనట్టే లెక్క. అట్లాంటి కాలును వేడి నీళ్ళలో పెట్టినా, చలిమంట దగ్గర కాచినా కాలిపోయేదాకా తెలియదు. కనుక షుగరు ఉన్నవాళ్ళ కాలికి చిన్న పొక్కు లేచినా, నొప్పి లేకపోయినా, వెంటనే చూపించాలి.

నొప్పి అంటే కాపలా అని బాగా తెలిపినవాడు డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో పుట్టిండు. 1946లో వేలూరు దవాఖానకు వచ్చి కుష్ఠు రోగులకు చేతులు, కాళ్ళు బాగు చేసే ఆపరేషన్లు చేసిండు. కుష్ఠు వస్తే వేళ్ళు వాటంతటవే రాలిపోతాయని జనం నమ్మేవారు. అట్లా కాదని, స్పర్శ పోయి దెబ్బలు, కాలిన గాయాలు తెలియకనే వేళ్ళు అరిగిపోతాయని ఆయన చూపించిండు. కుష్ఠు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఒంటి మీద పాలిపోయిన మచ్చగాని, ఎర్రటి మచ్చగాని ఉండి, అక్కడ గిచ్చినా తెలియకపోతే చూపించాలి. నడుస్తుంటే పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా చూపించాలి. మందులు 6 నెలలు లేదా 12 నెలలు, సర్కారు దవాఖానలో ఉచితం. స్పర్శ లేని పాదాలకు మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు కూడా ఉచితంగానే ఇస్తారు. సిగ్గుపడి దాచుకుంటే నష్టం మనకే.

బీడీలు తాగే పెద్దవాళ్ళకు ఇంకొక బాధ ఉంది. కొంచెం దూరం నడవగానే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గిపోతది. వయసు అనుకుంటారు. అది రక్తనాళం మూసుకుపోతున్న గుర్తు కావచ్చు.

ఇక మన హాస్టలు కాళ్ళు! తడి కాళ్ళకే సాక్సులు వేసుకుంటే వేళ్ళ సందులు నాని తెల్లగా అయి చీరుకుపోతాయి, దురద పుడుతుంది. అది శిలీంధ్రం. ఒకరి టవలు ఒకరు వాడితే అంటుకుంటది. తుడిచి ఆరబెట్టి, మందు రాసుకోవాలి. రెండు వారాలకు తగ్గకపోతే చూపించాలి. ఆనెకాయను బ్లేడుతో కోయవద్దు (మన రూములో ఇద్దరు ఈ పని చేస్తున్నారు). గోళ్ళు మూలలకు లోతుగా కాకుండా అడ్డంగా కత్తిరించుకోవాలి.

ముల్లు, మేకు లోతుగా దిగితే పైకి చిన్న చిల్లే కనబడుతుంది. గాలి తగలని ఆ లోతులోనే ధనుర్వాతం క్రిములు పెరుగుతాయి. పదేళ్ళకు ఒకటి, పదహారేళ్ళకు ఒకటి టీడీ ఇంజక్షను వేస్తారు. మీకు పడిందో లేదో ఏ.ఎన్.ఎం. మేడమును అడగండి. ముల్లు లోపల విరిగినా, చీము పట్టినా, ఎరుపు పైకి పాకినా, గజ్జల్లో బిళ్ళలు కట్టినా, జ్వరం వచ్చినా, పడ్డాక కాలు మోపలేకపోయినా ఆ రోజే పోవాలి. తెల్లారి అనవద్దు.

కాళ్ళు వంకర పోవుడు అంటే మన పాత నల్గొండ జిల్లాలో అందరికీ ఫ్లోరైడే గుర్తుకు వస్తుంది. అది నీళ్ళ వల్ల ఎముకలకు వచ్చేది. దాని గురించి వేరే సంచికలో రాస్తాను.

దసరా సెలవులలో మా తాత అరికాళ్ళ కింద చిన్న అద్దం పెట్టి రోజూ నేనే చూసిన. ఇప్పుడు మా చెల్లె చూస్తున్నది. నేను ఫోను చేసినప్పుడల్లా ముందు అదే అడుగుతాను.

చివరగా ఒక మాట. మన కబడ్డీ టీములో ఒకతను నాలుగు రోజుల నుండి మడమ మోపకుండా నడుస్తున్నడు. ఆట నుండి తీసేస్తారని ముల్లు సంగతి దాస్తున్నడు. పేరు రాయను. అన్నా, ఈ రాత్రి స్టడీ అవర్ లోపల నువ్వే వార్డెన్ సారుకు చెప్పు. లేకపోతే నేను చెప్తాను.

– 9వ తరగతి విద్యార్థి