బధిర విద్యా శిక్షణలో సంజ్ఞాభాషా బోధన – తెలుగు వ్యాకరణ దృష్టి

1. ఉపోద్ఘాతం

బధిర బాలల ఉపాధ్యాయులుగా శిక్షణ పొందే ఛాత్రోపాధ్యాయులకు సంజ్ఞాభాషను ఏ రీతిలో బోధించాలన్నది ఈ వ్యాసంలో పరిశీలించిన అంశం. 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ సంజ్ఞలకన్నా మౌఖిక పద్ధతే శ్రేష్ఠమని తీర్మానించింది. సంజ్ఞాభాషకు స్వతంత్ర నిర్మాణం ఉందని 1960లో అమెరికాకు చెందిన విలియం స్టోకీ నిరూపించాడు. మన దేశంలో 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2021లో వెలువడిన దాని నిఘంటువు మూడవ కూర్పులో 10,000 పదాలున్నాయి. అయితే పదాలు తెలిసినంత మాత్రాన వాక్యం రాదు.

2. వాక్య నిర్మాణం

తెలుగులోలాగే భారతీయ సంజ్ఞాభాషలోనూ క్రియ సాధారణంగా వాక్యాంతంలో ఉంటుంది. ఈ పోలిక వల్ల తెలుగు మాటకొక సంజ్ఞ పెడితే చాలునన్న భ్రమ కలగవచ్చు. ‘రాముడు సీతకు పండు ఇచ్చాడు’ అన్న వాక్యంలో గ్రహీతను ‘కు’ ప్రత్యయం తెలుపుతుంది. సంజ్ఞాభాషలో ఇద్దరికీ చెరొక స్థానం ఏర్పరచి, ‘ఇచ్చు’ సంజ్ఞను రాముడి స్థానం నుంచి సీత స్థానానికి కదిలిస్తారు. విభక్తి చేసే పనిని ఆ కదలిక చేస్తుంది. ‘నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?’ అన్నప్పుడు ప్రశ్నార్థక సంజ్ఞ చివరికి చేరుతుంది. ముఖకవళిక కూడా వ్యాకరణంలో భాగమే.

3. లిపి సమస్య

రెండు చేతులతో చూపే వేలి అక్షరాలు ఆంగ్ల వర్ణమాలకు చెందినవి. వికారాబాద్ జిల్లాలోని మర్పల్లి పేరునే ఉదాహరణగా తీసుకుందాం. వేళ్లతో చూపితే అది ఎనిమిది ఆంగ్లాక్షరాలు. నల్లబల్లపై మూడే తెలుగు అక్షరాలు. వాటిలో ‘ర్ప’ సంయుక్తం, ‘ల్లి’ ద్విత్వం. వినగలిగిన బాలునికి ఒత్తును గుర్తించడానికి ధ్వని తోడ్పడుతుంది. బధిర బాలునికి ఆ తోడు లేదు. అందువల్ల వస్తువు లేదా చిత్రం, సంజ్ఞ, తెలుగు లిపి – ఈ మూడింటినీ జతపరచి చెప్పడం శిక్షణలోనే అభ్యాసం కావాలి.

4. ముగింపు

బధిర బాలల్లో అత్యధికులు వినికిడి గల తల్లిదండ్రులకే జన్మిస్తారు. ఇంట్లో సంజ్ఞాభాష తెలిసినవారు అరుదు కనుక చాలామందికి పాఠశాలే భాష దొరికే తొలి చోటు. ఉపాధ్యాయునికి విడి సంజ్ఞలే వస్తే బిడ్డకు అందేది విడి మాటలే. కాబట్టి ఛాత్రోపాధ్యాయులకు బధిరులైన బోధకుల చేత పాఠాలు చెప్పించాలి. పరీక్షలో పదాల పట్టికకు బదులు ఒక కథను సంజ్ఞాభాషలో చెప్పించి, తిరిగి తెలుగులో రాయించాలి.