గెలవని ఉంగరాలు

కూర్మన్నపాలెం కూడలికి నాలుగడుగుల దూరంలో, ఉక్కు కర్మాగారంలో చాలాకాలం పనిచేసి ప్రస్తుతం విశ్రాంతి తీసుకుంటున్న నా మిత్రుడొకాయన వున్నారు. ఆయన పేరు వ్రాయవద్దన్నారు. వ్రాస్తే వారి శ్రీమతి నన్ను గడప తొక్కనివ్వరు. కాబట్టి పేరు లేకుండానే చెబుతాను.

ఆయన దగ్గర అయిదు ఉంగరాలున్నాయి. ఒక్కొక్కటి పెద్ద ఉసిరికాయంత. తళతళలాడే రాళ్ళు, మధ్యన యేదో జట్టు ముద్ర, పక్కల అంకెలు, అక్షరాలు. అవి పెట్టుకుని అన్నం కలుపుకోవటం సాధ్యం కాదు. చెయ్యి జేబులో పెడితే మళ్ళీ బయటికి రాదు. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటలో ఆ యేటి విజేతలైనవారికి యిచ్చే ఉంగరాలకు అవి నకళ్ళు. మా మిత్రుడు జన్మలో బాస్కెట్‌బాల్ ఆడి యెరుగరు. ఆ ఆటలో గెలిచినవాడిని కళ్ళారా చూసి కూడా యెరుగరు.

మరి యీ పిచ్చి యెలా పట్టుకున్నదంటారా? అందుకు కారణం వారి అబ్బాయి. అతను టొరాంటో నగరంలో వుద్యోగం చేస్తున్నాడు. 2019 జూన్‌లో ఆ వూరి జట్టు ‘రాప్టర్స్’ మొట్టమొదటిసారి విజేత అయింది. కెనడా దేశపు జట్టుకు ఆ పోటీలో విజయం అంతకు ముందెన్నడూ లేదు. అక్టోబరు 22న, కొత్త ఆటల కాలం మొదలైన రాత్రి, ఆటగాళ్ళకు అసలు ఉంగరాలు తొడిగారు. ఒక్కొక్కదానిలో 600కు పైగా వజ్రాలు! అదే రాత్రి ఆట చూడవచ్చిన ప్రేక్షకులకు తలా ఒక నకలు ఉంగరం పంచారు. మనవాడు తన వంతుది తాను దాచుకోక, తండ్రికి పంపించాడు. పొట్లంలో చీటీ మాత్రం పెట్టలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

మిత్రుడు ఆ ఉంగరం చూచి మురిసిపోయారు. కొడుకు మొదటి సంపాదనతో బంగారం పంపాడనుకున్నారు. వేలికి వదులైతే, బిగింపు చేయించుకుందామని గాజువాకలో తమకు తెలిసిన ఆచారిగారి కొట్టుకు పట్టుకుపోయారు. కొట్టులో మరి నలుగురు కూర్చుని వున్నారు. ఆచారిగారు దాన్ని చేతిలో ఎగరవేసి బరువు చూశారు. గీటురాయి మీద ఒక్క గీత గీశారు. కళ్ళజోడు పైకి నెట్టి, “బాబూ, యిది ఎవరిచ్చారండీ?” అన్నారు. ఆ ‘ఎవరిచ్చారండీ’లో వున్నదంతా మిత్రుడికి అర్థమయింది. ఉంగరం జేబులో వేసుకుని, బస్సుకోసం కూడా ఆగకుండా, ఎండలో నడిచి యిల్లు చేరారు.

ఆ రాత్రి ఫోను చేసి అడిగితే కొడుకు తెల్లబోయాడు. “నేను బంగారమని యెప్పుడన్నాను నాన్నా? ఆ రోజు నేనక్కడ వున్నాను. మీరు కూడా వుంటే బాగుండేదనిపించింది. అందుకని పంపాను,” అన్నాడట. యీ మాట చెప్పేటప్పుడు మా మిత్రుడు కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు.

యీ ఉంగరాల ఆచారం బాస్కెట్‌బాల్‌తో మొదలయింది కాదు. 1922లో న్యూయార్కు ‘జెయింట్స్’ అనే బేస్‌బాల్ జట్టువారు గెలిచినప్పుడు ఉంగరాలు చేయించారు. అక్కణ్ణుంచి తక్కిన ఆటలకు ప్రాకింది. బాస్కెట్‌బాల్ ఆట పుట్టింది 1891 డిసెంబరులో, స్ప్రింగ్‌ఫీల్డు పట్టణంలో. నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు బాల్కనీ కమ్మీకి రెండు పీచుపండ్ల బుట్టలు కట్టి కుర్రాళ్ళచేత ఆడించాడు. బంతి బుట్టలో పడితే నిచ్చెన వేసి తీసుకునేవారట! ఆ బుట్టల ఆట యీనాడు వజ్రాల దాకా వచ్చింది. గెలుపు కప్పు జట్టుదవుతుంది, ఉంగరం మనిషిది. ఆటగాడికే కాదు, శిక్షకుడికీ, వైద్యుడికీ, ఆఫీసు గుమాస్తాకూ కూడా యివ్వటం కద్దు. రాప్టర్స్ సొంతవూళ్ళో ఆడే ఆట ఒక్కటీ మానకుండా 1995 నుంచీ చూస్తూ వచ్చిన నవ్ భాటియా అనే తలపాగా సర్దారుగారికి, నకలు కాదు, అసలు ఉంగరమే యిచ్చారు. ఆయన 1984లో మన దేశం నుంచి వెళ్ళి అక్కడ కార్లు అమ్ముకుని పైకి వచ్చిన మనిషి.

గెలిచినవాడికి నగ తొడగటం మన తెలుగువారికి కొత్త గాదు. గండపెండేరం మాటేమిటి? వీరులకు కాలికి తొడిగే ఆ కడియాన్ని కృష్ణదేవరాయలు తన చేతులతో అల్లసాని పెద్దన పాదానికి తొడిగాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. శ్రీనాథుడు గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, అతని కంచుఢక్క పగలగొట్టించి, కనకాభిషేకం చేయించుకున్నాడంటారు. అయితే పెద్దన గండపెండేరానికి నకళ్ళు పోతపోసి సభికులకు తలా ఒకటి పంచినట్లు మాత్రం యెక్కడా వినలేదు. పంచివుంటే మా తాతల పెట్టెల్లో యెక్కడో ఒకటి దొరికేది.

అసలు ఉంగరాల కథలు వింటే, నకళ్ళ మీద యింత మోజు యెందుకో తెలుస్తుంది. బిల్ రస్సెల్ అనే ఆయన బోస్టన్ జట్టులో 13 యేళ్ళు ఆడి 11 సార్లు గెలిచాడు. పది వేళ్ళకు పదకొండు ఉంగరాలు! వాటిలో మొదటిది, 1957 నాటిది, 2021లో వేలానికి వస్తే 7 లక్షల డాలర్లు పలికింది. కరీమ్ అబ్దుల్ జబ్బార్ 2019లో తన నాలుగు ఉంగరాలు అమ్మి, వచ్చిన సొమ్ములో చాలా భాగం పిల్లల చదువుకోసం తాను పెట్టిన సంస్థకు యిచ్చాడు. రాన్ ఆర్టెస్ట్ అనే ఆటగాడు 2010లో గెలిచిన ఉంగరాన్ని ఆ యేడే లాటరీకి పెట్టి, పిల్లల మానసిక వైద్యంకోసం 5 లక్షల డాలర్లకు పైగా పోగు చేశాడు. వేలికి తొడిగిన రెండు నెలలకే తీసి యివ్వటం తేలికైన పని కాదు సుమండీ.

కాని మా మిత్రుడు పదేపదే చెప్పే కథ కోబీ బ్రయంట్‌ది. 2000లో అతని లాస్ ఏంజిలిస్ జట్టు గెలిచినప్పుడు, తన ఉంగరంవంటిదే మరొకటి చేయించి తండ్రికి యిచ్చాడు. తండ్రి కూడా ఒకప్పుడు ఆటగాడే. ఆయనకు ఉంగరం దక్కలేదు. 2013లో ఆ ఉంగరం వేలానికి వచ్చింది. సామాను అమ్మే విషయమై తల్లికీ కొడుక్కూ తగవు కోర్టుదాకా పోయి, చివరకు రాజీ అయింది. తల్లిదండ్రులు బహిరంగంగా విచారం వెలిబుచ్చారు. 2020 జనవరి 26న హెలికాప్టరు ప్రమాదంలో కోబీ, అతని పదమూడేళ్ళ కూతురూ పోయారు. 2024లో అదే ఉంగరం మళ్ళీ వేలానికి వస్తే 9 లక్షల 27 వేల డాలర్లు పలికింది.

“అది అసలా, నకలా?” అని మా మిత్రుడు నన్ను నిలదీశారు. “ఆటలో గెలిచినవాడిది కాదు. గెలిచినవాడు తండ్రికి చేయించినది. అసలుకు నకలే గదా!” బంగారమూ, వజ్రాలూ లెక్కగట్టితే అందులో పదోవంతు కూడా రాదేమో. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన కూడా నా జవాబుకోసం ఆగలేదు. లోపలికి వెళ్ళి తన పెట్టె తెచ్చారు.

చవక నకళ్ళు చాలావరకు జింకు మిశ్రమలోహంతో పోతపోస్తారు. పైన బంగారపు రంగు పూత. వజ్రాల స్థానంలో గాజురాళ్ళు. లోహాలతోనే జీవితం గడిపిన మనిషి గనుక, మిత్రుడు అయస్కాంతం తెచ్చి చూపించారు, అంటలేదు. “ఇనుము కాదు. జింకు. మన మింది దగ్గర ఒకప్పుడు జింకు కర్మాగారం వుండేది చూడండి, ఆ జింకే,” అన్నారు, కర్మాగారం తమదే అయినట్లు. నకలు నగ అంటే చిన్నచూపు యెందుకో నాకు తెలియదు. బందరు పక్కన చిలకలపూడిలో చేసిన రోల్డుగోల్డు గొలుసు వేసుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళని మధ్యతరగతి యిల్లు మన దేశంలో ఒక్కటి చూపించండి. చిలకలపూడి నగ తాను బంగారాన్నని యెవరినీ మోసగించదు. కొన్నవారికి తెలుసు, చూచినవారికి తెలుసు.

మోసం చేసేవారు వేరే వున్నారు. జట్టు తానే చేయించి పంచే నకలు ఒక రకం. అనుమతి లేకుండా గంపలకొద్దీ పోతపోసి, అసలువేనని అమ్మేవి మరొక రకం. అమెరికా కస్టమ్సువారు అటువంటి ఉంగరాల పార్సెళ్ళను పలుమార్లు పట్టుకున్నారు. యీ సంగతి తెలిసిన తరువాత మిత్రుడు పెట్టెలో ప్రతి ఉంగరం కిందా అట్టముక్క పెట్టి, గుండ్రటి అక్షరాలతో ‘నకలు’ అని వ్రాసుకున్నారు. దాని కింద సంవత్సరం, జట్టు పేరు, కొడుకు పంపిన తేదీ.

మొదటిది టొరాంటోది. రెండవది షికాగో ‘బుల్స్’ 1996 నాటిది; 82 ఆటలలో 72 గెలిచిన యేడు. తరువాత లాస్ ఏంజిలిస్ 2020ది. కోబీ పోయిన సంవత్సరం గనుక అసలు ఉంగరంలో అతని జ్ఞాపకం చెక్కారు. పైమూత తీస్తే, లోపల ఆ జట్టు మహామహుల చొక్కాలు కనబడతాయి. “నాది మూత రాదు,” అని మిత్రుడు నొచ్చుకుంటారు. మిల్వాకీది 2021ది. ఆ జట్టుకు 50 యేళ్ళ తరువాత వచ్చిన గెలుపు. అసలుదాని పైభాగం విప్పి మెడలో పతకంగా వేసుకోవచ్చు. అయిదవది గోల్డెన్ స్టేట్‌ది, 2015ది. దాన్ని గురించి ఆయన చెప్పింది గంటసేపు. అదంతా వ్రాస్తే యీ పత్రికలో సీరియల్‌కు చోటు మిగలదు.

అవును, ఆట తెలియనిదే ఉంగరం తెలియదని, ఆట నేర్చుకున్నారు. మనకు తెల్లవారేవేళ అక్కడ రాత్రి ఆట. చలికాలంలో ఆరింటికి మొదలవుతుంది. మునుపు అదే వేళకు డ్యూటీకి బయలుదేరిన మనిషి, యిప్పుడు శాలువ కప్పుకుని ఫోను ముందు కూర్చుంటున్నారు. ఆట ముగిశాక కొడుకు పిలుస్తాడు. మునుపు వారానికొకసారి “బాగున్నారా, బాగున్నాను” అనే రెండు ముక్కలతో సరిపోయేదట ఆ సంభాషణ. యిప్పుడు యిద్దరూ వాదులాడుకుంటారు. “ఆ చివరి బంతి వాడికెందుకివ్వాలి నాన్నా?” అని అతడు, “మరి ఎవరికివ్వాలిరా?” అని యీయన. శ్రీమతిగారు మధ్యలో కాఫీ గ్లాసు దభీమని పెట్టి, “ఏమండీ, అబ్బాయి అన్నం తిన్నాడో లేదో అదొక్కటీ అడగరేం?” అంటారు.

పోయిన సంక్రాంతికి వారింట బొమ్మలకొలువులో, పై మెట్టున రాజూరాణీ బొమ్మలకు పక్కన అయిదు ఉంగరాలూ పెట్టారు. అట్టముక్కలతో సహా. పేరంటానికి వచ్చిన ఆడపిల్లలు ఒక్కొక్కటీ వేళ్ళకు తొడుక్కుని చూచుకున్నారు. ఆచారిగారి మనుమరాలు కూడా వచ్చింది. పిల్లను తీసుకుపోవటానికి సాయంత్రం ఆచారిగారే వచ్చారు. మా మిత్రుడు కుర్చీలోంచి లేవలేదు. ఆచారిగారు టొరాంటో ఉంగరాన్ని చేతిలోకి తీసుకుని, దీపం దగ్గరకు పట్టి, అటూ యిటూ త్రిప్పి చాలాసేపు చూశారు.

“అక్షరాలు పోతలో యింత సన్నగా రావటం కష్టం బాబూ,” అన్నారు. “అచ్చు ఎవరు కట్టారో గాని, పనివాడే. చెయ్యి ఇలా ఇవ్వండి, వదులన్నారు గదా ఆనాడు. కొలత తీసుకుంటాను.”