సంస్థ చెదిరిన తరువాత కథకుని గళం: షేక్ నాజర్ బుర్రకథా ప్రస్థానం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక బృందంలో పేరు పొందిన గాయకుడు ఆ బృందానికి వెలుపల పాడవలసి వచ్చినప్పుడు, అతని పాటను ఏ ప్రమాణంతో తూచాలన్నది శ్రోతలకు ఎదురయ్యే ప్రశ్న. ఆంధ్ర ప్రజానాట్యమండలి ద్వారా ప్రసిద్ధులై, ఆ సంస్థ చెదిరిన తరువాత కూడా బుర్రకథనే కొనసాగించిన షేక్ నాజర్ ప్రస్థానాన్ని ఈ ప్రశ్న వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: బుర్రకథ, షేక్ నాజర్, ప్రజానాట్యమండలి, వంతలు, గుంటూరు, పల్నాడు, శ్రోత.

1. ఉపోద్ఘాతం:
గాయకుడు బృందాన్ని వీడినప్పుడు అభిమానులు రెండు వర్గాలుగా చీలడం అన్ని దేశాల సంగీతంలోనూ కనిపిస్తుంది. హెవీ మెటల్ సంగీతంలో ఓజీ ఆస్బోర్న్ 1979లో బ్లాక్ సబ్బాత్ బృందం నుండి తొలగింపబడ్డారు. 1980లో ఆయన సొంత ఆల్బం "బ్లిజర్డ్ ఆఫ్ ఓజ్" వెలువడింది. అదే సంవత్సరం పాత బృందం రానీ జేమ్స్ డియో గళంతో "హెవెన్ అండ్ హెల్" ఆల్బంను వెలువరించింది. దీనితో శ్రోతకు రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చే వీలు కలిగింది.

గుంటూరు, ప్రకాశం మైదానాలలో ఈ ప్రశ్నకు దగ్గరి ఉదాహరణ నాజర్. అయితే ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం ఉంది. నాజర్ వెలుపలికి వచ్చేనాటికి పోల్చి చూడడానికి పాత సంస్థ నిలిచి లేదు. కాబట్టి "ఎవరు మేలు?" అన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. సంస్థ పలికిన పలుకు ఒక వ్యక్తి గళంలో ఎంతవరకు బ్రతికిందన్నదే అసలు ప్రశ్న.

2. నాజర్ - ప్రజానాట్యమండలి:
నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో జన్మించారు. పత్తి ఏకడం ఆ కులవృత్తి. ఆయన ఆత్మకథకు "పింజారి" అన్న పేరే ఉండడం గమనించదగినది. తొలుత నాటకాలలో నటించిన నాజర్, 1940వ దశకంలో కమ్యూనిస్టు ఉద్యమ ప్రభావంతో బుర్రకథలోకి వచ్చారు. 1943లో అఖిల భారత స్థాయిలో ఇప్టా ఏర్పడగా, దాని ఆంధ్రశాఖగా ప్రజానాట్యమండలి పనిచేసింది. జంగం కథల సంప్రదాయం నుండి ఎదిగిన బుర్రకథ ఈ సంస్థ చేతిలో రాజకీయ ప్రచార సాధనమైంది. నాజర్ రచించిన "బెంగాల్ కరువు" ఆ కాలపు కథే.

1940వ దశకం చివర కమ్యూనిస్టులపై నిర్బంధం ముదరడంతో మండలి చెదిరిపోయింది. కళాకారులు తలొక దారి పట్టారు. డా. గరికపాటి రాజారావు 1953లో "పుట్టిల్లు" చిత్రానికి దర్శకత్వం వహించారు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి, అల్లు రామలింగయ్య వెండితెర నటులయ్యారు. నాజర్ కూడా సినిమాను తాకారు. 1954 నాటి "అగ్గిరాముడు"లో అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఆయన బృందానిదే. అయినప్పటికీ ఆయన కళారూపాన్ని మార్చుకోలేదు.

3. ఒంటరి గానం బుర్రకథలో సాధ్యమా?
బుర్రకథ నిర్మాణమే ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది. నడుమ కథకుడు తంబుర భుజాన వేసుకొని, వేళ్ల నడుమ అందెలు మ్రోగిస్తూ, అడుగులు వేస్తూ కథ నడుపుతాడు. ఇరువైపులా వంతలు డక్కీలు వాయిస్తూ "తందాన" పలుకుతారు. వంతలలో ఒకరు హాస్యం పండిస్తారు, మరొకరు సమకాలీన రాజకీయాలపై వ్యాఖ్యానిస్తారు. కథకుడు ఊపిరి తీసుకునే వ్యవధిని నింపేది వంతలే. శ్రోత మనసులోని సందేహాన్ని బయటికి అడిగేదీ వారే. వంతలు లేని కథకుడు ఎంతటి గాయకుడైనా అతనిది బుర్రకథ కాదు.

కాబట్టి సంస్థను కోల్పోయిన కథకుడు ముందుగా చేయవలసింది మరొక చిన్న బృందాన్ని సమకూర్చుకోవడం. ఓజీ విషయంలోనూ కొత్త పాటలకు బలమిచ్చినవారిలో గిటారిస్టు రాండీ రోడ్స్ ముఖ్యులు. జనవ్యవహారంలో మాత్రం కథకుని పేరే నిలుస్తుంది. ముగ్గురు పాడిన కథను శ్రోతలు "నాజర్ బుర్రకథ" అనే పిలిచారు. వంతల శ్రమ ఆ పేరు వెనుక దాగిపోయింది. ఒంటరి ప్రస్థానం అని మనం వ్యవహరించే దానిలో ఈ మరుగు తప్పనిసరిగా ఉంటుంది.

4. కథావస్తువు - శ్రోత:
ఉద్యమకాలపు కథకుని వెనుక ఒక సంస్థ ఉంటుంది. సభను అది ఏర్పాటు చేస్తుంది, వస్తువును అది సూచిస్తుంది, శ్రోతలను అది సమీకరిస్తుంది. సంస్థ లేనప్పుడు కథకుడు తిరునాళ్లకు, ఊరి చందాలకు, పిలిచిన పెద్దలకు నేరుగా జవాబుదారీ అవుతాడు. అన్ని పక్షాలవారూ కలిసి కూర్చునే ఆ సభలో ఒక పక్షపు కథ మాత్రమే చెప్పి రాత్రంతా నిలపడం కష్టం.

ఈ నేపథ్యంలో "పల్నాటి యుద్ధం", "బొబ్బిలి యుద్ధం", "అల్లూరి సీతారామరాజు" వంటి నాజర్ కథలను చూడాలి. వీరగాథలవైపు మొగ్గడాన్ని ఉద్యమం నుండి వెనుకంజగా భావించే అవకాశం ఉంది. కాని రెండు విషయాలు ఆ తీర్పును సడలిస్తాయి. మొదటిది, పల్నాటి కథ ఈ నేల సొంత కథ. కారంపూడిలో వీరుల ఉత్సవాలు నేటికీ జరుగుతున్నాయి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు ఒంగోలు ప్రాంతం కూడా గుంటూరు జిల్లాలోనిదే. పల్నాటి కథ ఇక్కడి శ్రోతకు పరిచయమైనది కనుక, అతడు వినేది కథనంలోని కొత్త చూపును. రెండవది, కథ పన్నెండవ శతాబ్దిదైనా రాజకీయ వంత నిలిచేది వర్తమానంలోనే. చాపకూడు ఘట్టంలో కులభేదాల ప్రస్తావన వచ్చినప్పుడు ఆనాటి మాట ఈనాటి ఊరికి తగులుతుంది. సంస్థ ఇచ్చిన విమర్శనాదృష్టికి కళారూపంలోనే ఒక స్థానం మిగిలి ఉందన్నమాట.

5. ముగింపు:
నాజర్‌కు 1986లో పద్మశ్రీ పురస్కారం లభించింది. 1997లో ఆయన మరణించారు. "బుర్రకథ పితామహుడు" అన్న బిరుదు వ్యక్తికి దక్కిన గౌరవమే అయినా, దాని వెనుక ప్రజానాట్యమండలి శిక్షణ, పేరు తెలియని వంతల గొంతులు, తెల్లవారేదాకా కూర్చున్న రైతుకూలీల ఆదరణ ఉన్నాయి. బృందం వీడిన గాయకుణ్ణి అంచనా కట్టేటప్పుడు గొంతు పూర్వంవలె ఉన్నదా అని మాత్రమే చూడడం చాలదు. కోల్పోయిన బృందంలో దేనిని తిరిగి నిర్మించుకోగలిగాడో, దేనిని వదులుకోవలసి వచ్చిందో కూడా చూడాలి. ఈ కొలమానంతో చూస్తే నాజర్ కోల్పోయింది వేదికను, నిలబెట్టుకున్నది వంత పలికే ప్రశ్నను. బుర్రకథ చరిత్ర రాసేవారు కథకుల జీవితాలతోపాటు వంతల పేర్లను, వారి వ్యాఖ్యానాలను కూడా సేకరించినప్పుడే ఈ ప్రస్థానం పూర్తిగా అర్థమవుతుంది.