గేరు ముందే తగ్గించండి

పల్లెల నుండి సంతకు, ఆసుపత్రికి వెళ్లే అనేక కుటుంబాలకు నేడు మోటారుసైకిలే ఆధారం. దానిని నడుపువారు ఒక సంగతి గమనించాలి.

ఒకసారి నేను నా భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని పట్టణపు బజారులో వెళ్లుచుండగా ముందున్న బస్సు ఆగింది. బ్రేకు వేశాను గాని నాలుగవ గేరు తగ్గించలేదు. బస్సు కదలగానే క్లచ్చి వదిలితే ఇంజను దడదడలాడి ఆగిపోయింది. వెనుకనే లారీ! ఆ డ్రైవరు సమయానికి బ్రేకు వేసినందున బ్రతికాము. తప్పు నాదే.

పెద్ద గేరులో వేగమున్నది గాని లాగే బలం తక్కువ. చిన్న గేరులో బలమెక్కువ, వేగం తక్కువ. కాబట్టి రద్దీలో బ్రేకుతో వేగం తగ్గించుకొనుచు, ఒక్కొక్క గేరే దించాలి. వేగం తగ్గకముందే దించితే వెనుక చక్రం జారవచ్చును. నడక వేగానికి మొదటి గేరు, మెల్లగా సాగునప్పుడు రెండవది తగినవి. ఇంజను దడదడలాడితే గేరు తగ్గించమని, గోలగా అరిస్తే పెంచమని అర్థం. క్లచ్చి సగం పట్టుకొని నడిపితే ప్లేట్లు అరిగిపోవును. దిగుడు రోడ్డులో న్యూట్రల్ వేయకండి. చిన్న గేరులో ఇంజనే బండిని నిదానింపజేయును.

భార్యాబిడ్డలను ఎక్కించుకొను తండ్రులారా, మలుపుకు, గుంపుకు ముందే గేరు తగ్గించండి. ఆపద ఎదుట నిలిచిన తరువాత గేరు వెదకుకొనే సమయముండదు.