మృతుల కోసం బాప్తిస్మం: మోర్మన్ రక్షణ సిద్ధాంతం, క్రైస్తవుల ఆక్షేపణలు

1823లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్విన్ స్మిత్ అనే యువకుడు బాప్తిస్మం పొందకుండానే మరణించాడు. అంత్యక్రియల్లో బోధకుడు అతడు నరకానికి పోయాడన్నట్లు మాట్లాడాడని కుటుంబం బాధపడింది. అతని తమ్ముడు జోసెఫ్ స్మిత్ 1830లో స్థాపించినదే మోర్మన్ సంఘం. సువార్త అందకుండా చనిపోయినవారి గతి ఏమిటన్న ప్రశ్న ఈ సంఘ బోధలో ఎందుకంత ముఖ్యమైందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

మోర్మన్ల ప్రకారం, పునరుత్థానం వరకు ఆత్మలు ఆత్మల లోకంలో ఉంటాయి. అక్కడ కూడా సువార్త ప్రకటన సాగుతుంది. తీర్పు తరువాత దాదాపు అందరికీ మూడు మహిమ రాజ్యాలలో ఏదో ఒకటి లభిస్తుంది. అన్నిటికంటే ఉన్నతమైన సెలెస్టియల్ రాజ్యంలో ప్రవేశానికి బాప్తిస్మం అవసరం. మరి బాప్తిస్మం లేకుండా చనిపోయినవారి మాటేమిటి? వారి పేరున బతికున్నవారు మందిరంలో నీట మునిగి బాప్తిస్మం పొందుతారు. 1840లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో ఈ ఆచారం మొదలైంది. మోర్మన్లు వంశవృక్షాలను అంత శ్రద్ధగా సేకరించడం ఇందుకే. అయితే ఆ బాప్తిస్మాన్ని అంగీకరించాలా వద్దా అన్నది ఆ ఆత్మ ఇష్టం. విమర్శకులు తరచు ఈ సంగతి మరచిపోతారు.

దీనికి వారు చూపే లేఖనం 1 కొరింథీయులకు 15:29. ఇక్కడే క్రైస్తవ వ్యాఖ్యాతలు అభ్యంతరం చెబుతారు. మృతుల కోసం బాప్తిస్మం పొందేవారిని పౌలు ‘వారు’ అంటాడే గాని ‘మనం’ అనడు. అలా చేయమని ఆదేశించడు కూడా. పునరుత్థానం ఉందని వాదించడానికి మాత్రమే ఆ ఆచారాన్ని ప్రస్తావించాడని వారి వివరణ. మరణం తరువాత తీర్పే ఉందని చెప్పే హెబ్రీయులకు 9:27ను కూడా వారు చూపుతారు.

ప్రొటెస్టెంట్లకు ఇంతకంటే పెద్ద అభ్యంతరం కృప విషయంలో ఉంది. క్రీస్తు వల్ల పునరుత్థానం అందరికీ ఉచితంగా లభిస్తుందని మోర్మన్లూ అంటారు. కాని దేవునివలె అయ్యే అత్యున్నత స్థితికి మందిర సంస్కారాలు, ఆజ్ఞాపాలన కావాలంటారు. రక్షణ క్రియల వల్ల కలగదన్న ఎఫెసీయులకు 2:8-9కి ఇది విరుద్ధమని ప్రొటెస్టెంట్ల వాదన. సంస్కారాలకు, మృతుల కోసం చేసే ప్రార్థనకు తామే విలువనిచ్చే కాథలిక్కులు ఇదే వాదన చేయలేరు. వారి ఆక్షేపణ దేవుని స్వరూపం గురించి. త్రిత్వ భావన వేరైనందువల్ల మోర్మన్ బాప్తిస్మం చెల్లదని 2001లో వాటికన్ ప్రకటించింది.

ఆల్విన్ వంటివారి సంగతి క్రైస్తవులను కూడా వదలలేదు. తమ తప్పు లేకుండా సువార్త ఎరుగనివారికి రక్షణ సాధ్యమేనని 1964లో రెండవ వాటికన్ మహాసభ బోధించింది. ఇవాంజెలికల్ సంఘాలలో మాత్రం దీనిపై ఏకాభిప్రాయం లేదు. చాలామంది ఆ తీర్పును దేవుని న్యాయానికే విడిచిపెడతారు.