చదరంగపు గడులలో మహాసంఖ్య

ఐనవిల్లి సిద్ధివినాయకుని సన్నిధిని కలములు పూజ చేయించుకొను విద్యార్థులకు మే మొక లెక్క చెప్పెదము. చదరంగపు 64 గడులలో 1, 2, 4, 8 అని గింజలను ఇనుమడించుచు పోయిన మొత్తము 18446744073709551615. పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన పద్యమొకటి దీనిని మాటలలో నిమిడ్చినది. అందు బాణములనిన 5, చంద్రుడనిన 1. అంకెలు కుడినుండి యెడమకు నడచును.

వ్రాతలో తప్పు దొరలినచో నెట్లు తెలియును? మొదటి నాలుగు గడులు కలిపిన 15. తరువాతి ప్రతి నాలుగును ముందటి నాలుగింటికి 16 రెట్లు. కావున మొత్తము 15 చేత నిశ్శేషముగా భాగింపబడును. మొదటి గడి యొక్కటే బేసి. కనుక చివరి యంకె 5 కావలెను. అంకెల కూడిక 3 చేత భాగింపబడవలెను; అది 87. సరిపోయినది.

అయినను నడుమ నొక యంకె 3 హెచ్చినచో నీ పరీక్షకు చిక్కదు. అందుచేత పరీక్ష నమ్మదగినదే గాని, మరల లెక్కించుట మానదగదు.