మావాడికి పడదు, టీచర్!

జూన్‌లో బడి తెరిచిన వారం రోజుల్లో ఒకటో తరగతి టీచర్ చెవిన ఎక్కువగా పడే మాట ఇదే. గుడ్డు పడదు, పాలు పడవు, వంకాయ పడదు. ఈ ‘పడదు’ మహా గడుసు మాట. నోటికి నచ్చకపోయినా పడదనే అంటాం. వేడి చేస్తుందని అమ్మమ్మ వద్దన్నా అంతే. పాలు అరక్క కడుపు ఉబ్బరించినా అంతే. మా ఇంట్లో గుడ్డు ముట్టం అని చెప్పడానికి మొహమాటపడ్డా అదే మాట. చివరికి ఒక్క పల్లీ నోట్లో పడితే పెదవులు వాచి, ఊపిరాడక ప్రాణం మీదికొచ్చే పిల్లాడి గురించి చెప్పేటప్పుడూ తల్లి నోట వచ్చేది అదే.

పది ‘పడదు’లు విన్న టీచర్ పదకొండోదాన్నీ గారాబం కింద జమకడితే తప్పు పట్టలేం. తప్పు పట్టాల్సింది మనం అడగని ప్రశ్నను. తింటే ఏమవుతుంది? ఎంతసేపటికి అవుతుంది? ఎప్పుడైనా ఆసుపత్రికి పరిగెత్తారా? ఈ మూడూ అడిగితే ఇష్టంలేనితనమేదో, అరగకపోవడమేదో, అసలైన అలర్జీ ఏదో చాలావరకు విడిపోతాయి. మిగతాది డాక్టరు తేలుస్తాడు.

మన ప్రాంతంలో ఈ అలర్జీ అరుదే. బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో 6–11 ఏళ్ల బడిపిల్లల మీద చేసిన సర్వేలో తేలింది 0.14 శాతం. అంటే వెయ్యిమందిలో ఒకరో ఇద్దరో. నాకు భయం కలిగించేది ఆ అరుదే. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా చూడని దాన్ని టీచర్ ఎలా గుర్తుపడతారు?

మధ్యాహ్న భోజనం వడ్డించేముందు టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలని 2015 నిబంధనలు చెబుతున్నాయి. మంచి నియమమే. పాడైన వంట దానివల్ల బయటపడుతుంది. కానీ అలర్జీ సంగతి వేరు. వంట అమృతంలా ఉంటుంది, రుచి చూసిన టీచరుకు ఏమీ కాదు, మూడో వరుసలో కూర్చున్న ఒక్క పిల్లకే అది విషం. గుడ్డుకూరలో ముంచిన గరిటెతోనే పప్పు వడ్డించినా ఆ పిల్లకు ముప్పే. కర్ణాటకలో ఆ మధ్య గుడ్డు తినని పిల్లలకు అరటిపండో పల్లీ చిక్కీయో ఇచ్చారు. ఉద్దేశం మంచిదే, కానీ అలర్జీ లెక్కలో గుడ్డూ పల్లీ రెండూ ఒకే జాబితాలోవి. ఆంధ్రప్రదేశ్ బడుల్లోనూ గుడ్డుతోపాటు చిక్కీ ఉంది. వద్దన్న పిల్లకు బదులు ఏం పెడుతున్నారో చూడాలి.

పేర్ల తంటా ఇంకొకటి. అడ్మిషన్ ఫారంలో ‘వేరుశనగ’ అని అచ్చువేస్తారు. తెలంగాణ తల్లికి అవి పల్లీలు, సీమలో ఒకచోట బుడ్డలు, ఇంకోచోట చెనిక్కాయలు. ఇడ్లీలోకి చట్నీ, పులిహోర తాలింపు, కారప్పొడి, అన్నిట్లో ఉంటాయవి. బాగా శుద్ధిచేసిన రిఫైన్డ్ నూనెలో అలర్జీ తెచ్చే ప్రొటీను దాదాపు ఉండదు. ఇప్పుడు మోజు పెరిగిన గానుగ నూనెలో మిగిలే ఉంటుంది. ఇక పుట్టినరోజు చాక్లెట్లు, పక్కవాడి డబ్బాలోంచి తీసుకున్న ముద్ద... ఏ వంటమనిషి కాపలా కాస్తుంది?

తిన్న కాసేపటికే దద్దుర్లు, వాంతులు, గొంతు బొంగురుపోవడం, ఆయాసం కలిసి వచ్చాయా, ఆలస్యం ప్రాణాంతకం. అలర్జీ మాత్ర దురదను తగ్గిస్తుందేగానీ మూసుకుపోతున్న గొంతును తెరవలేదు. ఆ పని అడ్రినలిన్ ఇంజెక్షన్‌ది. దాన్ని తొడ బయటివైపు కండకు ఇవ్వాలి. పిల్లను పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టాలి. నడిపించకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంగ్లండ్‌లో 2017 అక్టోబర్ 1 నుంచి బడులు డాక్టరు చీటీ లేకుండానే పెన్నులాంటి అడ్రినలిన్ ఇంజెక్షన్లు (అడ్రినలిన్ పెన్నులు) కొని దగ్గర పెట్టుకోవచ్చు. మన దగ్గర పెన్ను దొరకడమే కష్టం. కానీ సిరంజిలోకి ఎక్కించి ఇచ్చే అడ్రినలిన్ యాంపూల్ చవకైన మందు. దాన్ని బడికి చేర్చి, ఒకరిద్దరు టీచర్లకు నేర్పి, వాడే అధికారం రాసివ్వడం ప్రభుత్వాలకు పెద్ద ఖర్చేమీ కాదు.

అంతవరకు తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది. రేపు బడికి పంపే డైరీలో ‘పడదు’ అని రాయకండి. ఏం తింటే, ఎన్ని నిమిషాల్లో, ఏమైందో రాయండి. మీ ఊళ్లో పిలిచే పేరుతోనే రాయండి. ఆ కాగితం వంటమనిషికీ చదివి వినిపించమని టీచరును అడగండి.